మంచు కరిగాక చూసిన ఊరు

సావనీరు కమిటీ మిత్రులు ఈసారి నన్ను జపాన్ గురించి ఏదైనా రాసిపెట్టమన్నారు. 2019 ఉగాది సభలో నేను అరగంటసేపు చేసిన ఉపన్యాసం వాళ్లకింకా గుర్తున్నట్టుంది. నాకూ గుర్తుంది. ఆ రోజు నేను చెప్పినదాంట్లో సగానికి సగం తప్పు. అది తప్పని నాకు తెలియడానికి నాలుగేళ్లు పైనే పట్టింది. చప్పట్లు కొట్టించుకున్న చోటే తప్పు ఒప్పుకోవడం మర్యాద గనక ఈ నాలుగు పేజీలూ అడిగి మరీ పుచ్చుకున్నాను.

మా అమ్మాయీ అల్లుడూ టోక్యోలో ఉంటారు. ఆ ఏడు జనవరిలో నేనూ మా ఆవిడా వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు, స్కీయింగ్ చేసే ఒక కొండ ఊరికి తీసుకెళ్తామన్నారు. ముప్పై ఏళ్లుగా మిషిగన్‌లో పొద్దున్నే పార పుచ్చుకుని వాకిట్లో మంచు ఎత్తిపోస్తున్నవాణ్ణి. డబ్బిచ్చి మంచు చూడ్డానికి వెళ్లడమేమిటే అన్నాను. "అది వేరే మంచు నాన్నా" అంది మా అమ్మాయి.

ఆ ఊరి పేరు నొజావా ఒన్సెన్. ఒన్సెన్ అంటే వేడినీటి ఊట. నగానో రాష్ట్రానికి ఉత్తరపు కొసన, 1650 మీటర్ల ఎత్తున్న కెనాషి కొండ పాదాన ఉంటుంది. జనాభా మూడున్నర వేలు. టోక్యోలో బుల్లెట్ రైలెక్కితే గంటా ముప్పావులో ఈయామా స్టేషను, అక్కణ్ణించి బస్సులో 25 నిమిషాలు. మేము బయల్దేరినప్పుడు టోక్యోలో ఆకాశం కడిగిన అద్దంలా ఉంది. ఈయామాలో దిగేసరికి స్టేషను బయట మంచు నా భుజాల దాకా పేర్చి ఉంది.

ఇంత చిన్న దేశంలో ఇంత తేడా ఎలాగా అంటే, ఈ కథ మనవాళ్లకి తెలిసిందే. సైబీరియా మీదుగా వచ్చే చలిగాలి ఎముకలు కొరికేంత పొడిగా ఉంటుంది. జపాన్ సముద్రం దాటుతూ తడి పీల్చుకుంటుంది. ఎదురుగా కొండలు. ఆ కొండలెక్కలేక తడినంతా మంచుగా అక్కడే దింపేసి, ఒళ్లు తేలిక చేసుకుని టోక్యో చేరుతుంది. మన నెల్లూరు వాన కూడా ఇలాంటిదే కదా. ఈశాన్యపు గాలి నేల మీద ఉన్నంతసేపూ పొడిగాలే. బంగాళాఖాతం దాటుతూ తడిసి, కార్తీకంలో నెల్లూరు మీద కురుస్తుంది. ఒకరికి వాన, ఒకరికి మంచు, అంతే తేడా.

నేను స్కీ కట్టలేదు. అరవై దాటిన మోకాళ్లతో ఆ సరదాలు పెట్టుకోకూడదు. అల్లుడు కట్టాడు, పడ్డాడు, లేచాడు. నేను కాఫీ కప్పు పట్టుకుని కింద నుంచుని, కొండ మీంచి జారి వచ్చేవాళ్లని లెక్కపెట్టాను. ఆస్ట్రేలియా వాళ్లు చాలామంది. జపాన్ వాళ్లకి ఈ ఆట నేర్పినవాడు ఆస్ట్రియా సైనికాధికారి లెర్ఖ్. 1911లో నొజావాకి దగ్గర్లోనే ఉన్న తకాదాలో సిపాయిలకి నేర్పాడు. అది చూసి నొజావా కుర్రాళ్లు నేర్చుకుని 1923లో సొంతంగా ఒక స్కీ క్లబ్బు పెట్టుకున్నారు. 1998 నగానో శీతాకాలపు ఒలింపిక్సులో స్కీ మీద పరుగెత్తి తుపాకీ పేల్చే పోటీ ఈ ఊళ్లోనే జరిగింది. 1992, 1994 ఒలింపిక్సుల్లో జట్టుతో బంగారు పతకాలు గెల్చిన తకనోరి కోనో ఈ ఊరివాడే. మూడున్నర వేల మంది ఊరికి ఇది తక్కువ సంగతి కాదు.

నాకు మాత్రం కొండ కన్నా స్నానాలు నచ్చాయి. ఊళ్లో వీధి మలుపుల్లో 13 స్నానశాలలున్నాయి. టిక్కెట్టు లేదు, అడిగేవాడు లేడు. గుమ్మం పక్కన గుళ్లో హుండీ లాంటి చిన్న పెట్టె, వేస్తే వేశారు, లేకపోతే లేదు. పెద్దదాని పేరు ఓయు, చెక్కతో కట్టిన పాతకాలపు అందం. దాని అధిదేవత యకుషి, అంటే మన భైషజ్యగురువు. మన దేశం నుంచి చైనా, కొరియాల మీదుగా అక్కడికి చేరిన వైద్య బుద్ధుడు. ఆయన 12 మంది సేనానులు తక్కిన 12 స్నానశాలలకి తలా ఒకరు కాపలా. రోగాలు కుదిర్చే దేవుడిని రోగులు మునిగే నీళ్ల దగ్గరే కూర్చోబెట్టారన్నమాట.

ఒక్కటే చిక్కు. ఆ నీళ్లలోకి మొలతాడు తప్ప మరేమీ లేకుండా దిగాలి. మగవాళ్లకి వేరు, ఆడవాళ్లకి వేరు, నిజమే. కానీ పక్కన ఉన్నది అల్లుడు! మన దేశంలో అల్లుడి ఎదట చొక్కా లేకుండా కూర్చోవడానికే ఆలోచిస్తాం. "మీరు ముందు వెళ్లిరండి మామయ్యగారూ, నేను తర్వాత వెళ్తాను" అని ఆ అబ్బాయే మర్యాద కాపాడాడు. నీళ్లు మాత్రం సలసల కాగుతున్నాయి. మొదటి రోజు మోకాళ్ల దాకా, రెండో రోజు నడుం దాకా, మూడో రోజు మెడ దాకా దిగాను. నాలుగు రాత్రులు వరుసగా వెళ్లాను. ఆ నేల, ఆ తొట్టి, ఆ చెక్కపీటలు ఒక్కనాడూ జిడ్డుగా లేవు.

జనవరి 15న అక్కడ అగ్ని పండగ. ఆ ఏడు మన సంక్రాంతి కూడా 15నే వచ్చింది. పండగ పూట పరదేశంలో ఉన్నామే అని ముందురోజు భోగినాడు మా ఆవిడ కాస్త బెంగపడింది. మర్నాడు రాత్రి చూసిన మంట ముందు మన భోగిమంటలు కుంపట్లు. పండగ దోసోజిన్ అనే దేవుడిది. దారుల కూడళ్లలో, ఊరి పొలిమేరల్లో ఉండి చెడుగుని లోపలికి రానివ్వని దేవుడు. మన బొడ్రాయికీ పొలిమేర దేవతకీ దగ్గరి చుట్టం. బీచ్ చెట్ల దుంగలతో, ఒక్క మేకు కొట్టకుండా, మేడంత ఎత్తు మందిరం కడతారు. దాని పైన 42 ఏళ్ల మగవాళ్లు కూర్చుంటారు. కింద 25 ఏళ్ల కుర్రాళ్లు చుట్టూ నుంచుంటారు. ఈ రెండు వయసులూ మగవాడికి గండాలని వాళ్ల నమ్మకం. లెక్క కూడా మన పెద్దల లెక్కే, పుట్టిన ఏడాదే ఒకటి. తక్కిన ఊరంతా కాగడాలు పట్టుకుని ఆ మందిరాన్ని అంటించడానికి మీద పడుతుంది. 25 ఏళ్లవాళ్లు చేతుల్లో పైన్ కొమ్మలతో ఆ నిప్పుని కొట్టి ఆర్పుతారు. గంటన్నర సేపు ఇదే. మొహాలన్నీ మసి. చివరికి ఇరుపక్షాలూ చప్పట్లు చరిచి సంధి చేసుకుంటాయి, అప్పుడు మందిరాన్ని మొత్తం అంటించేస్తారు. కిందటేడు తొలిచూలు కొడుకు పుట్టిన ఇళ్లవాళ్లు ఎత్తైన దీపస్తంభాలు చేసి తెస్తారు. అవీ ఆ మంటలోకే. వచ్చినవాడికల్లా చెక్క గిన్నెల్లో సాకే పోస్తున్నారు. నేను పుచ్చుకోలేదు. మా ఆవిడ పక్కనే ఉంది.

అక్కణ్ణించి వచ్చాక ఉగాది సభలో ఏం చెప్పాను? జపాన్ ప్రభుత్వం పల్లెటూళ్లలో కూడా ఎంత చక్కటి స్నానశాలలు కట్టి ఉచితంగా నడుపుతోందో చూడండి, మన ప్రభుత్వాలున్నాయి ఎందుకూ, అన్నాను. పండగని టూరిస్టుల కోసం ఎంత తెలివిగా అమ్ముకుంటున్నారో చూడండి, మన సంక్రాంతిని అలా అమ్ముకోవడం మనకి చేతకాదు, అన్నాను. మంచు కురిస్తే చాలు, ఆ ఊళ్లో డబ్బు కురిసినట్టే, అని కూడా ఒక చమత్కారం విసిరాను. అందరూ నవ్వారు.

2023 ఆగస్టులో మళ్లీ వెళ్లాం. మా అమ్మాయికి రెండో కాన్పు. జపాన్‌లో అప్పటిదాకా లెక్కలు రాసిన వేసవులన్నిటిలోకీ అదే అతి వేడి వేసవి. బెజవాడ ఎండలు తిన్న నేనే టోక్యోలో తట్టుకోలేకపోయాను. బాలెంతరాలినీ పసిపిల్లనీ మా ఆవిడకి అప్పగించి, ఏడేళ్ల మనవడితో అల్లుడూ నేనూ నెలాఖరుకి నాలుగు రోజులు నొజావా వెళ్లాం. అదే ఇంట్లో దిగాం. హోటలు కాదది, వాళ్లు మిన్‌షుకు అంటారు, మన పూర్వపు పూటకూళ్లిల్లు లాంటిది. ఇంటావిడ నాకన్నా నాలుగేళ్లు పెద్దది. నన్ను చూడగానే గుర్తుపట్టింది. వేడినీళ్లలో మోకాళ్ల దాకా దిగి అరిచినాయన అని అల్లుడితో అందట.

బస్సు దిగగానే నాకు తోచిన మొదటి మాట, ఇది ఆ ఊరు కాదని. కొండంతా మోకాలెత్తు గడ్డి. లిఫ్టు స్తంభాలు నీళ్లు రాని కాలవ మీద లాకుల్లా ఊరికే నుంచున్నాయి. జనవరిలో భుజాలు రాసుకుంటూ నడిచిన వీధిలో సగం దుకాణాలు మూసి ఉన్నాయి. ఊరి కింద వరి పొట్ట దాటి ఈనింది. సోబా సేమ్యాకి పిండినిచ్చే మొక్క తెల్లగా పూసింది. పార పట్టుకుని వంగి ఉన్నవాళ్లంతా డెబ్భై దాటినవాళ్లే. మంచు కింద ఇంత ఊరుందని నాకు జనవరిలో తట్టనే లేదు.

ఆ పొలాల్లో వాళ్లు విత్తుతున్నది నొజావానా అనే ఆకుకూర. మన ఆవ మొక్క కులమే, ఆకులు మాత్రం చేతి పొడుగు. 18వ శతాబ్దంలో ఆ ఊరి గుడి సన్యాసి ఒకాయన ఒసాకా నుంచి టర్నిప్ విత్తనాలు తెచ్చి నాటితే, ఆ కొండగాలికి దుంప ఊరక ఆకు పెరిగిందని ఊరి కథ. ఆగస్టు నెలాఖరున, సెప్టెంబరు మొదట్లో విత్తి నవంబరులో కోస్తారు. ఉప్పులో ఊరవేసి చలికాలమంతా తింటారు. 2019లో మా ఆవిడ ప్రాణం నిలిపింది ఇదే. ప్రతి పులుసులోనూ చేప వాసన వేసే దేశంలో ఆమె నాలుగు రోజులు అన్నం, ఆ ఊరగాయ, ఆ కూర కూరి కాల్చిన ఒయాకి అనే బిళ్లలూ తిని గడిపింది. ‘గోంగూర లేని లోటు తీర్చింది’ అని సర్టిఫికెట్టు కూడా ఇచ్చింది.

కోసిన ఆకుని ఎక్కడ కడుగుతారని అడిగాను. స్నానశాలల్లోనే అంది ఇంటావిడ. నవంబరులో ఆడవాళ్లంతా కట్టలు కట్టలుగా తెచ్చి ఆ వేడినీళ్లలో కడుగుతారట. అంతకన్నా పైన ఓగామా అనే ఊటలో నీళ్లు 90 డిగ్రీలు. అందులో ఊరివాళ్లు కూరలూ గుడ్లూ ఉడకేసుకుంటారు. బయటివాళ్లకి లోపలికి ప్రవేశం లేదు. జనవరిలో ఆ కంచె దగ్గర నుంచుని ఫొటో తీసుకున్నాను, లోపల వంగి ఉన్న మనుషుల్ని సరిగ్గా చూడలేదు.

మాటల్లో, మీ ప్రభుత్వం ఈ స్నానశాలలకి ఎంతమంది పనివాళ్లని పెట్టిందని అడిగాను. అల్లుడు తర్జుమా చేశాడు. ఆవిడకి ప్రశ్న అర్థం కాలేదు. రెండోసారి అడిగించాను. అప్పుడు ఆవిడ గోడకున్న క్యాలెండరు కేసి చూసి, "రేపు రాత్రి మా ఇంటి వంతు" అంది.

అప్పుడు తెలిసింది. ఆ స్నానశాలలు ఏ ప్రభుత్వానివీ కావు. ఒక్కొక్కదానికి చుట్టుపక్కల ఇళ్లవాళ్లు కలిసిన ఒక జట్టు ఉంటుంది. యునకామా అంటారు, స్నాన స్నేహితులనవచ్చు. వంతులవారీగా తోముతారు. కరెంటుకీ నీళ్లకీ అయ్యే ఖర్చు వాళ్లే పంచుకుంటారు. వీటన్నిటి పైన నొజావా గుమి అని ఊరి సంఘం, ఎడో కాలం నాటి గ్రామ కట్టుబాటు నుంచి దిగివస్తున్నది. ఊటలూ, కొండ మీది అడవీ, పండగా దాని చేతిలోవి. దాని పెద్దని సోదాయి అంటారు, ఎన్నికయ్యేది ఏడాదికే. ఏడాది కాగానే దిగిపోయి మళ్లీ మామూలు మనిషైపోతాడట. ఈ వాక్యం చదివి మన సంఘం మాజీ అధ్యక్షులు కొందరు నన్ను క్షమించాలి.

స్కీ కొండ కూడా అంతే. 1923 నాటి కుర్రాళ్ల క్లబ్బే దాన్ని పెంచింది. 1950లో మొదటి లిఫ్టు వేసింది. 1963లో కొండ బాధ్యతని గ్రామానికి అప్పగించింది. నేను ఉపన్యాసంలో డబ్బు కురుస్తోందన్నాను కదా. ఆ డబ్బు ఆకాశం మీంచి పడలేదు. అయినా ఎంతకాలం కురిసింది గనక! 1990ల మొదట్లో జపాన్ కుర్రకారంతా స్కీ పిచ్చిలో ఉండేది. ఆ తర్వాత ఆ పిచ్చి వదిలింది, కుర్రకారే తగ్గింది. విదేశీయులు వచ్చి ఆ ఖాళీ పూడ్చారు. కోవిడ్ రోజుల్లో సరిహద్దులు మూసేసరికి వాళ్లూ లేరు. ఆ రెండు చలికాలాలు ఎలా గడిచాయని అడిగితే ఆవిడ, "కూర ఉంది, బియ్యం ఉంది, నీళ్లు వేడిగానే ఉన్నాయి" అని నవ్వింది.

మర్నాడు రాత్రి అల్లుడూ నేనూ కూడా వెళ్లాం. మొదట వద్దంది. అతిథులచేత పని చేయించడం వాళ్లకి తలవంపులు. బాల్దీ మోస్తామని బతిమాలాక సరేనంది. తలుపు మూసే వేళకి తొట్టి ఖాళీ చేసి, చీపురు బ్రష్షులతో నేలా గోడలూ తోమారు. ఆవిడా, మరో ఇద్దరు పెద్దవాళ్లు, ఒక నడివయసు మనిషి. మేం బాల్దీలు అందించాం. చివరికి మా చేతికీ బ్రష్షులు వచ్చాయి. ప్యాంట్లు మోకాళ్ల పైకి మడుచుకుని, నేను 2019లో నాలుగు రాత్రులు మునిగిన తొట్టిని ఆ రాత్రి తోమాను. అంతా అయ్యాక నీళ్లు నింపుతుంటే, ఇంకా సిగ్గేమిటని అల్లుడూ నేనూ కలిసే దిగాం. నీళ్లు ఎప్పట్లాగే కాలాయి. మనవడు బయట నుంచుని, తాతా ఎందుకరుస్తున్నావని అడుగుతున్నాడు.

ఆ నడివయసు మనిషి ఆవిడ కొడుకు. నగానో నగరంలో ఉద్యోగం, వంతు ఉన్న వారం వచ్చి వెళ్తాడట. 2019 పండగలో మందిరం పైన కూర్చున్న 42 ఏళ్లవాళ్లలో అతను ఒకడు! ఆవిడ అప్పుడు మాకు వడ్డిస్తూ ఆ మాటే చెప్పలేదు. చెప్పడానికేముంది, వయసు వచ్చింది, కూర్చున్నాడు, అంది. కిందటి శరత్తులో అడవికి పోయి చెట్లు కొట్టడం దగ్గర్నుంచి, పండగకి రెండు రోజుల ముందు ఆ దుంగల్ని మంచు కొండ మీంచి లాక్కురావడం, మందిరం కట్టడం, అన్నీ వాళ్ల మీదే పడతాయట. 40 నుంచి 42 దాకా వయసులవాళ్లు ఒక జట్టై మూడేళ్లు ఆ బరువు మోస్తారు. నేను చూసింది ఆఖరి గంటన్నర. దాన్ని టూరిస్టుల కోసం వేసిన నాటకమని నాలుగు వందల మంది ఎదట మైకు పట్టుకుని చెప్పాను.

ఇక నా అభిప్రాయం. ఒక్క కాలంలో చూసిన ఊరి గురించి మనం తీర్పులు చెప్పడం మానాలి. జపాన్ మాట అలా ఉంచండి, మన ఊళ్ల సంగతి చూద్దాం. ముప్పై ఏళ్లలో నేను మా ఊరు పద్నాలుగు సార్లు వెళ్లాను. పదమూడు సార్లు డిసెంబరు, జనవరుల్లోనే. పిల్లలకి సెలవులు, ఎండ ఉండదు, దోమలు తక్కువ, సంక్రాంతి అరిసెలు. తిరిగొచ్చి, ఊరు బాగుపడిందనో చెడిపోయిందనో పాట్‌లక్ భోజనాల దగ్గర తేల్చేస్తాను. మే నెలలో మా చెరువులో నీళ్లెన్ని ఉంటాయో, ఆ నీళ్లెవరు పంచుతారో, జూలైలో మా వీధి కాలవ పూడిక ఎవరు తీస్తారో నాకు తెలియదు. 2012లో మా నాన్నగారి పేర ఊరి మొగలో సిమెంటు ఆర్చి కట్టించాను. ప్రారంభోత్సవానికి జనవరిలో వెళ్లాను, దండలు వేశారు. ఆ ఆర్చి పునాది వల్ల వర్షాకాలంలో పక్క నాలుగిళ్లలోకి నీళ్లు వస్తున్నాయని మా తమ్ముడు చెప్పింది 2023లో, అదీ నొజావా నుంచి వచ్చాక నేను గుచ్చి గుచ్చి అడిగితే. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదురా అంటే, "నువ్వు జనవరిలో వస్తావు కదన్నయ్యా, అప్పుడు పొడిగానే ఉంటుంది" అన్నాడు.

నొజావాని స్వర్గమని నేననను. మందిరం పైనా కిందా ఉండేది మగవాళ్లే; దీపస్తంభం తొలి కొడుక్కే గాని తొలి కూతురికి కాదు. మా అల్లుడు ఆ మాట అడిగితే ఆవిడ జవాబు చెప్పకుండా టీ పోసింది. మనుషుల లెక్క కూడా భయపెడుతుంది. మూడున్నర వేల మందిలో, అందులోనూ ముసలివాళ్లు ఎక్కువైన ఊళ్లో, ఒక ఏడాది 25 నిండే మగపిల్లలు ఎంతమంది ఉంటారో మీరే లెక్క వేసుకోండి. ఇక విదేశీ డబ్బు. నిసెకోలో, హకుబాలో బయటివాళ్లు స్థలాలు కొని, ధరలు ఊరివాళ్లకి అందనంత పైకి పోయాయి. 2022 నుంచి యెన్ విలువ పడిపోవడంతో ఆ జోరు ఇంకా పెరిగింది. నొజావాలోనూ ఇంగ్లీషు బోర్డులు 2019 కన్నా ఎక్కువ కనిపించాయి. ఇల్లు కొన్నవాడు చలికాలం మాత్రమే వచ్చి ఉంటే, ఆగస్టులో ఆ ఇంటి వంతు ఎవరు తోముతారు? డబ్బిచ్చి పనివాణ్ణి పెట్టొచ్చు. అప్పుడు టిక్కెట్టు పెట్టాల్సి వస్తుంది. మా ఊళ్లో నాది అలాంటి ఇల్లే గనక ఆ కొనేవాళ్లని తిట్టడానికి నాకు నోరు రాలేదు.

మన సంఘానికి వద్దాం. ఈసారి అధ్యక్ష పదవికి ముగ్గురు పోటీ చేశారు. సంక్రాంతి సభ అయ్యాక రాత్రి పదకొండింటికి కుర్చీలు మడవడానికి ఉన్నది ఎప్పుడూ ఉండే ఆ నలుగురే. హాలు ఊడవడానికి మూడేళ్లుగా మనిషిని కుదుర్చుకుంటున్నాం, అందుకని టిక్కెట్టు ఐదు డాలర్లు పెంచాం. కార్యవర్గానికి నా సూచన ఇది, నవ్వినా ఫరవాలేదు. మన సభ్యుల జాబితాలో పుట్టిన తేదీలున్నాయి. వచ్చే సంక్రాంతికి 42 నడుస్తున్నవాళ్లు, ఆడా మగా అందరూ, ఆ పండగకి పెత్తందార్లు. 25 నడుస్తున్న మన పిల్లలు వాళ్లకి కుడిభుజాలు. ఎన్నిక లేదు, పోస్టరు మీద ఫొటో లేదు. వయసొచ్చింది, చేస్తారు. తర్వాతి ఏడు వేరేవాళ్లు. షష్టిపూర్తి దాటిన నా బోటివాళ్లకి గిన్నెలు తోమే పని ఇవ్వండి. నాకు కాస్త అనుభవం ఉంది.

ఆర్చి సంగతి తేల్చడానికి ఈసారి జూలైకి టిక్కెట్టు కొన్నాను. వానల్లో ఎందుకన్నయ్యా, సంక్రాంతికి రారాదూ, అన్నాడు మా తమ్ముడు. పార ఒకటి నా కోసం అట్టేపెట్టమని చెప్పాను.